గాలం వేసిన రోజుల్లో మరిచిపోలేని రోజు ఏది, ఎందుకు?

హంద్రీ గట్టు (కర్నూలు):
అందరికీ నమస్కారం. ఎర గురించీ, రీళ్ళ గురించీ, ఏ మడుగులో ఏం పడుతున్నాయనే దాని గురించీ ఇక్కడ చాలా మాట్లాడుకున్నాం. ఈసారి వేరే సంగతి అడుగుతున్నాను. చేపలకు పోయిన రోజుల్లో కొన్ని ఏళ్ళు గడిచినా మనసులోంచి పోవు. సంచి నిండిన రోజులు కొన్ని వారం తిరక్కముందే చెరిగిపోతాయి. ఎందుకని? నా రోజు నేను చెప్తాను, మీది మీరు చెప్పండి.

సుంకేసుల బ్యారేజీకి దిగువన, తుంగభద్రలో నీళ్ళు తగ్గి మడుగులుగా నిలిచిన కాలం అది. తెల్లారకముందే పోయి బండ మీద కూర్చున్నాను. కాస్త దూరంలో ఒక పెద్దాయన విసురువల చిరుగులు కుట్టుకుంటున్నాడు. నా బెండు (గాలం తాడుకు కట్టే తేలే ముక్క) ఎంతసేపటికీ మునగడం లేదు. మునగకపోగా ఉండుండి పైకి లేచి, నీళ్ళ మీద అడ్డంగా పడుకుంటోంది. పెద్దాయన తల కూడా ఎత్తకుండా, "అబ్బీ, కింద మోసు ఎర ఎత్తుతాంది. బెండు పడుకుంటే లాగల్ల" అన్నాడు.

సంగతి ఏమిటంటే, మోసు అడుగున మేసే చేప. తల కిందకి పెట్టి బురదలోంచి ఎర తీసుకుని ఒళ్ళు సరిచేసుకుంటుంది. అప్పుడు ఎరతో పాటు సీసం గుండు కూడా నేల నుంచి లేస్తుంది. బెండును నిలబెట్టేది ఆ సీసం బరువే కాబట్టి, బరువు పోగానే బెండు పడుకుంటుంది. మళ్ళీ పడుకోగానే లాగాను. పడింది. పెద్ద చేపేమీ కాదు. కానీ అప్పటిదాకా నాకు నీళ్ళంటే పైన కనపడేదే. ఆ పొద్దు నుంచి బెండును చూస్తే అడుగున చేప తల ఎటు ఉందో ఊహకు అందుతోంది. అందుకే ఆ రోజు నాతో ఉండిపోయింది.

కొరమీను కుర్రోడు (ప్రొద్దుటూరు):
అన్నా, బాగా చెప్పినారు. కానీ నేను నిజం చెప్తా, నాకు సైజే ముఖ్యం. మైలవరం డ్యామ్ వెనక, తుంగ పెరిగిన చోట రబ్బరు కప్ప వేసి లాగుతుంటే, ఆకుల కింద నుంచి కొరమీను తన్నిన తన్ను చూసినారా ఎప్పుడైనా? నీళ్ళు పగిలిపోతాయి. ఒక్క సెకను చేతులు ఆగిపోతాయి. ఆ ఒక్క సెకను కోసమే వారమంతా షాపులో నిలబడి పని చేస్తా. అది పెద్దదైతే ఆ తన్ను కూడా పెద్దదే కదా. చిన్న చేప పడిన రోజు నాకు ఒక్కటి కూడా గుర్తు లేదు.

మరవ నీళ్ళు (అనంతపురం):
తమ్ముడూ, నీ మాటలో తప్పు లేదు, వయసు అలాంటిది. మా జిల్లాలో లెక్క వేరు. మాకు సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన. అదీ పడాల్సిన టైముకు పడదు. చెరువులో నీళ్ళుంటేనే పండగ. కాబట్టి మరిచిపోలేని రోజు అంటే మా ఊళ్ళో ఎవరిని అడిగినా ఒకటే చెప్తారు: చెరువు మరవ (నిండితే నీళ్ళు పొర్లిపోయే అలుగు) పారిన రోజు.

ఏళ్ళ తరబడి చెరువు నడుమ కంపచెట్లే. పిల్లలు క్రికెట్ ఆడిన నేల. అలాంటిది రాత్రంతా వాన కురిసి, పై చెరువులు తెగకుండా నిండి, తెల్లారేసరికి మా చెరువు మరవ మీద నీళ్ళు దూకుతున్నాయి. ఊరు ఊరంతా కట్ట మీదే. ఆడవాళ్ళు పసుపు కుంకుమ తెచ్చి గంగమ్మకు పూజ చేస్తున్నారు. మరవ కింద చూస్తే చేపలు! పరిగెలు, జెల్లలు, కొరమీన్లు ప్రవాహానికి ఎదురెక్కుతున్నాయి. కొత్తనీళ్ళు వస్తే ఎదురీదడం వాటి గుణం. రాతిమీద పడి జారుతాయి, మళ్ళీ ఎగురుతాయి. గాలం ఎవడికి కావాలి? దోమతెరలు, చీరలు, వెదురు బుట్టలు, ఏది దొరికితే అది పట్టుకొచ్చారు. అరవై దాటిన మా చిన్నాయన పంచె ఎగ్గట్టి, మోకాటి లోతు నీళ్ళలో నిలబడి అరుస్తున్నాడు. ఆయన ఆ చెరువు కింద రెండెకరాలు వదిలేసి బళ్ళారికి పనికి పోయి వచ్చిన మనిషి. చేతిలో చేప ఉంది, కళ్ళలో నీళ్ళున్నాయి. ఆయన ఏడ్చింది చేపకు కాదని అందరికీ తెలుసు. బావుల్లో నీళ్ళు ఊరతాయి, వరి నాటొచ్చు, ఇంకో ఏడాది ఊళ్ళో ఉండొచ్చు.

2012 తర్వాత హంద్రీ-నీవా పుణ్యాన శ్రీశైలం నీళ్ళు మల్యాల దగ్గర ఎత్తిపోసుకుని జీడిపల్లి దాకా వస్తున్నాయి. ఇప్పుడు మావైపు గాలాలు పట్టుకున్న పిల్లలు కనపడుతున్నారు. ముప్పై ఏళ్ళ కింద ఆ మాట ఎవరన్నా చెప్పుంటే నమ్మేవాళ్ళం కాదు.

సంగటి ముద్ద (కడప):
మరవ అన్నారు కాబట్టి ఒక మాట. మా పోరుమామిళ్ళ చెరువు శాసనం గురించి వినే ఉంటారు. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని రాయి మీద చెక్కించాడు. ఆ కట్ట మీద కూర్చుని గాలం వేస్తే, ఆ వెయ్యి మందీ గుర్తొస్తారు నాకు.

ఇక నా విషయానికొస్తే, పట్టిన చోటే వండుకుని తిన్న రోజే రోజు. మూడు రాళ్ళు, మట్టి దాక, చింతపండు పులుసు. చేప ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి పెట్టుకోవాలి. పులుసు బాగా తెర్లిన తర్వాత ముక్కలు వేసి, ఆపైన గరిటె ముట్టకూడదు. రెండు చేతులా గుడ్డ పట్టుకుని దాకనే తిప్పాలి. పక్కన రాగి సంగటి. పెద్ద చేపలకంటే వేలెడంత పరిగెల పులుసే రుచి, ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

పెన్నా బిడ్డ (జమ్మలమడుగు):
రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మాది గండికోట రిజర్వాయర్ ముంపు ఊరు. 2020లో ఖాళీ చేసి వచ్చేశాం. ఇప్పుడు రిజర్వాయర్ నిండితే 26.85 టీఎంసీలు. దాని కింద మా ఇల్లు, మా మల్లె పందిరి, మా నాయన వేసిన చీనీ తోట ఉన్నాయి. కాలనీకి వచ్చిన తర్వాత మా నాయన చాన్నాళ్ళు ఆ దిక్కుకే పోలేదు. నేను రెండు మూడు సార్లు గాలానికి పోదామంటే ముఖం తిప్పుకున్నాడు.

ఒకరోజు తనే వస్తానన్నాడు. తెలిసినవాళ్ళ పుట్టి (గుండ్రటి తెప్ప) ఎక్కాం. ఎండిపోయిన చింత చెట్ల కొమ్మలు నీళ్ళ పైకి కనపడుతున్న చోటికి తీసుకుపొమ్మన్నాడు. అక్కడ పుట్టి ఆపి, కొమ్మలు చూసి చేత్తో చూపిస్తూ, "ఇది గంగిరెద్దులోళ్ళు దిగే చెట్టు. ఇక్కడి నుంచి అట్ల పోతే మన కళ్ళం. కళ్ళం పక్కన గుంత ఉండేది కదా, అక్కడ వెయ్" అన్నాడు. వేశాను. మునిగిన చెట్ల చుట్టూ చేపలు చేరతాయని మనందరికీ తెలిసిందే, కొమ్మలకు పాచి పడుతుంది, దాక్కోవడానికి నీడ ఉంటుంది. కానీ ఏ కొమ్మకు ఎంత దూరంలో గుంత ఉందో తెలిసినవాడు ఆ నీళ్ళ మీద మా నాయన ఒక్కడే. మధ్యాహ్నానికి మూడు రోహులు పడ్డాయి. ప్రతిదానికీ ఇది ఎవరి చేను మీద పడిందో చెప్పాడు. రెడ్డోళ్ళ చేను, మా పెదనాయన చేను, ఒకటి మాత్రం మాదే.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా అమ్మతో చాలాసేపు ఊరి గురించి మాట్లాడాడు. ఊరు వదిలినప్పటి నుంచి అంతసేపు మాట్లాడింది అదే మొదలు. నేను పట్టిన చేపల్లో గొప్పవేవంటే ఆ మూడే చెప్తాను.

మరవ నీళ్ళు (అనంతపురం):
అబ్బీ, మంచి పని చేసినావు రాసి. మీ నాయనకు నా నమస్కారాలు చెప్పు. అట్లాంటి మనిషి ఉన్నప్పుడే ఆయన్ను కూర్చోబెట్టి, ఏ చెట్టు దగ్గర ఏముండేదో ఒక మ్యాపు గీయించి పెట్టుకో. చేపల కోసం కాకపోయినా సరే.

పుట్టి పిల్ల (నందికొట్కూరు):
అన్నలందరికీ నమస్కారం. నేను మీలాగా సరదాకి పట్టేదాన్ని కాదు. మేం బెస్తోళ్ళం. మా నాయన శ్రీశైలం వెనక నీళ్ళలో పుట్టి వేసుకుని వల కట్టేవాడు, ఇప్పుడు మా అన్న కడతాడు. నేను బీకాం చదివి కర్నూల్లో పని చేస్తున్నా, సెలవులొస్తే ఒడ్డుకే పోతాను.

మాకు గుర్తుండే రోజు అంటే వల తెగని రోజు, ఐసు కరగకముందే బేరం కుదిరిన రోజు. మీరు నీళ్ళ ఒడ్డున నిశ్శబ్దం బాగుందంటారు. మాకు తెల్లారి ఒడ్డున తూకం వేసేవాళ్ళ గోలే బాగుంటుంది, గోల లేదంటే చేప లేదని.

కానీ ఒకటి చెప్తాను. నాకు పదేళ్ళప్పుడు, ఎండాకాలం నీళ్ళు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడిన రోజుల్లో, నాయనతో పుట్టిలో పోయాను. వలలో ఒక జిలేబి చేప (తిలాపియా) వచ్చింది. నాయన దాన్ని వలలోంచి తీస్తుంటే అది నోరు తెరిచింది. నోట్లోంచి పిల్లలు! ఆవగింజంత కళ్ళు, ఒళ్ళు అద్దం ముక్క మాదిరి తళతళ. పుట్టి అడుగున ఉన్న కాసిన్ని నీళ్ళలో పదులకొద్దీ పిల్లలు తిరుగుతున్నాయి. తల్లి జిలేబి గుడ్లనూ పిల్లలనూ నోట్లోనే దాచుకుంటుందని నాయన చెప్పాడు. ఆ నీళ్ళను దోసిళ్ళతో ఎత్తి బయట పోశాడు, తల్లిని కూడా వదిలేశాడు. ఆ రోజు మాకు వచ్చిందే తక్కువ. అమ్మ ఏమంటుందో అని నాకు టెన్షన్. విషయం విని అమ్మ ఏమీ అనలేదు.

ఇప్పుడు అదే నీళ్ళలో అలివి వలలు లాగుతున్నారు. దోమతెరంత సన్నటి కన్ను. వేలెడు పిల్లని కూడా వదలదు. నిషేధం ఉంది, అయినా రాత్రిళ్ళు లాగుతారు. ఎండబెట్టి కోళ్ళ మేతకు, చేపల మేతకు అమ్ముతారు. ఏడాది ఆగితే కిలో దాటే బొచ్చ పిల్ల, గుప్పెడు పొడి అయిపోతోంది. ఇది రాస్తుంటే నాకు కోపం వస్తోంది. మీ ఊరి పక్కన ఎక్కడైనా ఆ వల కనపడితే ఊరుకోకండి.

బుగ్గవంక (కడప):
పుట్టి పిల్ల రాసింది అక్షరాలా నిజం. నేను చేపల శాఖలో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. ఇంకొంచెం కలుపుతాను.

బొచ్చ, రోహు, మోసు మన చెరువుల్లో గుడ్లు పెట్టి పెరగవు. వాటికి వరద రావాలి, పారే నది ఉండాలి. నిలిచిన నీళ్ళలో గుడ్లు పొట్టలోనే ఉండిపోతాయి. అందుకే చెరువులకూ రిజర్వాయర్లకూ పిల్లలను తెచ్చి వదులుతారు. అంటే మీ గాలానికి పడ్డ రోహు ఏదో ఒక హేచరీలో పుట్టి, లారీలో ప్రయాణం చేసి, సొసైటీ వాళ్ళు కాపలా కాసిన చేప. చాలా చెరువుల్లో హక్కు ఆ మత్స్యకారుల సొసైటీదే. గాలం వేసేముందు వాళ్ళను ఒక్క మాట అడగండి. నాకు తెలిసినంతలో మర్యాదగా అడిగితే కాదన్నవాళ్ళు తక్కువ.

కొరమీను సంగతి పూర్తిగా వేరు. అది మన నీళ్ళలోనే గూడు కట్టి గుడ్లు పెడుతుంది. తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. పిల్లలు ఎర్రగా, గుంపుగా తిరుగుతాయి. వాటికీ గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి కాబట్టి, నీళ్ళ మీద ఎర్రటి మచ్చ కదులుతున్నట్టు కనపడుతుంది, వాన చినుకులు ఒకేచోట పడుతున్నంత సందడిగా ఉంటుంది. దాని కిందే పెద్దది ఉంటుంది. అప్పుడు కప్ప వేస్తే అది ఆకలితో రాదు, పిల్లల మీదికి ఎవరో వచ్చారని కొట్టడానికి వస్తుంది. దాన్ని లాగేశామంటే ఆ గుంపును జెల్లలు, పరిగెలు, కొంగలు ఒక పూటలో ఖాళీ చేస్తాయి. ఒక చేప పట్టినట్టు కాదు, కొన్ని వందలు పోయినట్టు.

ప్రొద్దుటూరు తమ్ముడికి కోపం రాకుండా చెప్తున్నాను. సైజు ఇష్టమైతే సైజు చేపే పట్టు. ఆ ఎర్ర గుంపు మీద మాత్రం వేయొద్దు.

ఇక జిలేబి విషయంలో, పుట్టి పిల్ల వాళ్ళ నాయన మనసుకు దండం. కానీ ఆ చేప ఆఫ్రికా నుంచి వచ్చింది. నోట్లో పిల్లలను కాపాడుకోవడం వల్లే అంతగా పెరిగి, మన చేపల మేతకు పోటీ అవుతోంది. దాన్ని ఎన్ని పట్టుకున్నా నష్టం లేదు.

కొరమీను కుర్రోడు (ప్రొద్దుటూరు):
సార్, కోపం ఎందుకు. ఎర్ర గుంపు మాకూ కనపడుతుంది. గ్రూపుల్లో చాలామంది దాన్ని చూసే వేస్తారు, గ్యారంటీగా కొడుతుంది కాబట్టి. పిల్లలన్నీ పోతాయని మాకు ఎవరూ చెప్పలేదు. ఇకమీదట నేను వేయను, మా బ్యాచ్‌కి కూడా చెప్తా. మిగతా చోట్ల పడినవి మాత్రం ఇంటికే సార్, మా అమ్మ ఊరుకోదు.

ఒకటి అడగాలి. పిల్లలు ఎంత పెరిగితే తల్లి వదిలేస్తుంది?

బుగ్గవంక (కడప):
పిల్లల రంగు చూడు. ఎరుపు పోయి ముదురు రంగు తిరిగి, గుంపు విడిపోయి ఎవరి దారి వాళ్ళు పట్టినప్పుడు కాపలా అయిపోయినట్టే. మనవైపు ఎక్కువగా వానాకాలంలోనే ఈ గుంపులు కనపడతాయి. ఆ నెలల్లో తుంగ పక్కన కాస్త చూసుకుని వేస్తే చాలు. అమ్మకు పులుసు ఆపమని నేను చెప్పను.

చిత్రావతి (ధర్మవరం):
ఏమీ పడని రోజు గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. చిలమత్తూరు దగ్గర వీరాపురం తెలుసు కదా, ఏటా ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు పెట్టే ఊరు. ఆ చుట్టుపక్కల చెరువులో గాలం వేసి కూర్చున్నాం నేనూ మా పాపా. పొద్దున్నించీ ఒక్క చేపా ముట్టలేదు. అవతల కొంగలు మాత్రం వరసగా నిలబడి, ముక్కు సగం తెరిచి నీళ్ళలో ముంచి, అటూ ఇటూ తిప్పుతున్నాయి. చేప తగలడం ఆలస్యం, టక్కున మూసుకుంటుంది. చూసి పట్టడం కాదు, తగిలితే పట్టడం. అంత మట్టినీళ్ళలో కన్ను ఏం పనిచేస్తుంది మరి?

పాప గాలం పక్కన పెట్టేసి, ఏ కొంగకు ఎన్ని పడ్డాయో లెక్క రాసుకుంది. ఆ ఊళ్ళో వాళ్ళు ఆ కొంగల్ని ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చినట్టు చూసుకుంటారు, ఎవరినీ రాయి వేయనివ్వరు. మాకు మంచినీళ్ళిచ్చిన అవ్వ, "ఈ ఏడు మీకంటే అవే ముందొచ్చినాయి, చేపలు వాటివే" అంది. పాప ఆ మాట బడిలో అందరికీ చెప్పింది. ఇప్పుడు చేపలకు పోదామంటే ముందు పుస్తకం సర్దుకుంటుంది.

సంగటి ముద్ద (కడప):
చిత్రావతి అన్నా, పాపను ఎరకు కూడా అలవాటు చెయ్యి. చెనక్కాయ చెక్కను (నూనె తీసాక మిగిలే పిప్పిని) నానబెట్టి, తవుడు కలిపి ముద్ద చేస్తే రోహులకు అంతకు మించింది లేదు. అనంతపురం వైపు ఉండి చెక్కకు కొదవా?

పెన్నా బిడ్డ (జమ్మలమడుగు):
మరవ నీళ్ళు అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. నాయనను కూర్చోబెట్టి కాగితం ఇచ్చాను. ముందు నాకు గీయడం రాదన్నాడు. తర్వాత నాలుగు కాగితాలు అతికించాల్సి వచ్చింది. బావులన్నీ గుర్తుపెట్టాడు, ఎన్ని మట్ల లోతో కూడా రాయించాడు. మా కాలనీలో ఇంకో ఇద్దరు పెద్దాళ్ళు వచ్చి, ఒక బావి స్థానం గురించి గొడవ పడుతున్నారు. తేల్చుకోవడానికి ముగ్గురూ పుట్టి ఎక్కుతామంటున్నారు.

హంద్రీ గట్టు (కర్నూలు):
ముగ్గురు పెద్దాళ్ళను ఎక్కిస్తే లైఫ్ జాకెట్లు తప్పకుండా వేయించు తమ్ముడూ. ఈత వచ్చు అంటారు, వినొద్దు. మునిగిన చెట్టు కొమ్మ తగిలితే పుట్టి ఒక పక్కకు ఒరుగుతుంది. గాలి లేవకముందే, పొద్దున్నే పోయి వచ్చేయండి.

ఇంకో మాట అందరికీ. సుంకేసుల కింద మడుగుల్లోకి దిగేవాళ్ళు, పైన వానలుంటే అసలు దిగొద్దు. ఆ బ్యారేజీలో పట్టేది 1.2 టీఎంసీలే. వరద వస్తే ఆపుకునే చోటు లేదు, గేట్లు ఎత్తాల్సిందే. మనం కూర్చున్న బండ చుట్టూ నీళ్ళు తిరిగేసరికి ఒడ్డు దూరమైపోతుంది. కేసీ కాలువలో నీళ్ళు కట్టేసిన రోజులైతే అడుగున మిగిలిన గుంతల్లో పట్టుకోవచ్చు.

పుట్టి పిల్ల, మీ అన్నను అడిగి చెప్తావా? మాలో నలుగురం మీ ఒడ్డుకు ఒకసారి రావాలనుకుంటున్నాం. వల కట్టేది చూడాలని ఉంది, అడ్డం రాం.

పుట్టి పిల్ల (నందికొట్కూరు):
అడిగినాను అన్నా. రమ్మన్నాడు. సాయంత్రం నాలుగుకల్లా ఒడ్డున ఉండాలి, వల కట్టేది చీకటి పడకముందే. రాత్రికి గుడిసెలోనే పడుకోవాలి, దుప్పట్లు తెచ్చుకోండి. నీళ్ళ అంచున కాళ్ళు కడుక్కోవడానికి ఒంటరిగా పోవద్దు, మొసళ్ళున్నాయి. తెల్లారి నాలుగింటికి వల తీస్తారు, ఇద్దరికే పుట్టిలో చోటు, మిగతా ఇద్దరూ ఒడ్డున తూకానికి సాయం పట్టాలి. చేపలు కొనుక్కుంటే ఒడ్డు రేటుకే ఇస్తాడు. డబ్బులు తీసుకోనంటాడు, మీరు ఇచ్చే పోవాలి. సంగటి ముద్ద అన్న వస్తే దాక తెచ్చుకోమనండి, మా దగ్గర ఉన్నవి సత్తు గిన్నెలే.